వాళ్ళ బట్టలు ఎవరు ఉతుకుతారు?

1984 ఏప్రిల్‌లో నేను ఐదో తరగతి చదువుతున్నాను. రాకేశ్ శర్మ సోయుజ్ టి-11లో బయల్దేరి సల్యూట్-7 కేంద్రానికి చేరిన వార్తను మాస్టారు పేపర్లోంచి చదివి వినిపించారు. వారం రోజులు పైనే ఉంటాడని, అక్కడ బరువన్నదే తెలియదని, మనిషి గాల్లో తేలుతుంటాడని చెప్పారు. అన్నం ఎలా తింటారు, ఎలా పడుకుంటారు అని పిల్లలు ఒక్కొక్కరే అడుగుతున్నారు. నేనూ లేచాను. "మాస్టారూ, అక్కడ వాళ్ళ బట్టలు ఎవరు ఉతుకుతారండీ?" అన్నాను. క్లాసంతా గొల్లుమంది. మాస్టారు కూడా నవ్వేసి, "నువ్వు పోయి ఉతికి రా, మీకు అలవాటేగా" అన్నారు.

మాది చాకలి కుటుంబం. ఊళ్ళో నలభై ఇళ్ళ బట్టలు మా నాయనమ్మ చేతుల మీదుగా వెళ్ళేవి. ఆ నవ్వు దేనికో ఆ వయసులోనే నాకు తెలిసింది. తెలియనిది ఇంకొకటి. అన్నం గురించి అడిగినవాణ్ణి చూసి ఎవరూ నవ్వలేదు. నిద్ర గురించి అడిగినవాణ్ణి చూసీ నవ్వలేదు. అవి సైన్సు ప్రశ్నలు, నాది మాత్రం కాదు. ఎందుకని?

జవాబు చాలా ఏళ్ళకు దొరికింది. ఎవరూ ఉతకరు. అప్పుడూ ఉతకలేదు, ఇప్పుడూ ఉతకడం లేదు. 2000 నవంబరు నుంచి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో మనుషులు ఒక్క రోజు కూడా ఖాళీ లేకుండా ఉంటున్నారు. అక్కడ మూత్రాన్ని తాగే నీళ్ళుగా మార్చే యంత్రం ఉంది. పరిగెత్తడానికి ట్రెడ్‌మిల్ ఉంది. కొన్నాళ్ళు ఎస్ప్రెసో కాఫీ మెషీన్ కూడా ఉంది. బట్టలుతికే మెషీన్ మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కటీ లేదు. తొడుక్కుంటారు, ఇక భరించలేమనుకున్నాక విప్పేస్తారు, చెత్తతో పాటు మూటగట్టి సరుకుల నౌకలో పడేస్తారు. ప్రోగ్రెస్, సిగ్నస్ లాంటి ఆ నౌకలు తిరుగు దారిలో భూమి వాతావరణంలోకి దూసుకొచ్చి మండిపోతాయి. వాటితోపాటే చొక్కాలు, సాక్సులు, లోదుస్తులు అన్నీ బూడిద.

ఇందులో విడ్డూరమేమీ లేదని, భూమికి దగ్గర్లో ఉన్నంతకాలం అది లెక్కప్రకారం సరైన పనేనని నేనూ ఒప్పుకుంటాను. నా గొడవ వేరు. మనిషి అంతరిక్షంలోకి వెళ్ళిన దగ్గర్నుంచి బట్టల సంగతిని జాబితాలో చిట్టచివర రాస్తూ వచ్చారు. అలా చివర రాసిన ప్రతిసారీ ఏదో ఒక రూపంలో మూల్యం చెల్లించారు. రేపు చంద్రుడి మీద నెలల తరబడి ఉండాలన్నా, అంగారకుడి దాకా పోవాలన్నా ఈ అలవాటు సాగదు. ఉతకడమన్నది రాకెట్ ఇంజన్‌తో సమానంగా ఇంజనీర్లు కూర్చుని ఆలోచించాల్సిన పని.

ముందు వాళ్ళు తొడుక్కునేవేమిటో చెప్తాను. ఆ కేంద్రం లోపల సూట్లూ హెల్మెట్లూ ఉండవు. గాలి, వేడి, ఒత్తిడి అన్నీ మన గదిలో ఉన్నట్టే ఉంటాయి కాబట్టి మామూలు టీ షర్టులు, కాలర్ చొక్కాలు, పొట్టి లాగులు, తొడల మీద పెద్ద జేబులుండే ప్యాంట్లు సరిపోతాయి. ప్యాంటు మీద అక్కడక్కడా వెల్క్రో ముక్కలు కుట్టి ఉంటాయి. పెన్ను, కత్తెర, చిన్న టార్చి ఏది వదిలినా తేలి ఎటో పోతుంది కాబట్టి వాటిని ఒంటికే అంటించుకోవాలి. చెప్పులతో పనిలేదు, నడవరు కదా. సాక్సులతోనే తిరుగుతారు. బూట్లు వ్యాయామానికి మాత్రమే, ట్రెడ్‌మిల్‌కు ఒక జత, సైకిల్‌కు ఒక జత.

ఎన్నాళ్ళకు ఏది మార్చాలో నాసా ఒక లెక్క పెట్టింది. పనిచేసేటప్పుడు వేసుకునే చొక్కా, ప్యాంటు సుమారు పది రోజులు. లోపల వేసుకునే టీ షర్టూ అంతే. వ్యాయామం బట్టలు మూడు రోజులు. లోదుస్తులు, సాక్సులు రోజు విడిచి రోజు. చెప్పుకోవడానికి బాగానే ఉంది. కానీ వ్యాయామం రోజుకు రెండు గంటలు. ఎముకలూ కండలూ కరిగిపోకుండా ఉండాలంటే తప్పదు. ఇక్కడ మనకు చెమట పడితే కారిపోతుంది. అక్కడ కారదు. ఒంటికే పట్టుకుని పొరలా పేరుకుంటుంది, టవల్‌తో తుడిస్తేనే పోతుంది. బనీను దాన్నంతా పీల్చుకుని, ఆరాక ఉప్పుతో అట్టముక్కలా బిగుసుకుపోతుంది. మళ్ళీ మర్నాడు దాన్నే తొడుక్కోవాలి.

పాదాల సంగతి ఇంకా ఆశ్చర్యం. నెలల తరబడి అరికాలి మీద బరువు పడకపోయేసరికి అక్కడి గట్టి చర్మమంతా పొట్టులా ఊడొస్తుంది. దానికి బదులు పాదం పైభాగం గట్టిపడుతుంది, ఎందుకంటే నిలదొక్కుకోవడానికి పాదాలను గోడలకున్న కడ్డీల కింద దూరుస్తారు. సాక్సు లాగేటప్పుడు ఆ పొట్టు చుట్టుపక్కల వాళ్ళ మొహాల మీదికి తేలిపోకుండా నెమ్మదిగా, గాలి పీల్చే జాలీ దగ్గర కూర్చుని విప్పుతారు. ఒక సాక్సు విప్పడానికి ఇంత జాగ్రత్త కావలసిన చోట అది చిన్న విషయమని ఎలా అనగలం?

ఇప్పుడు రేవు దగ్గరికి వస్తాను.

మా నాయనమ్మ పని నాకు కళ్ళు మూసుకుంటే కనబడుతుంది. తెల్లారకముందే మూటలు విప్పి బట్టలు వేరుచేసేది. ఏ ఇంటి బట్ట ఏదో తెలియడానికి నల్లజీడి గింజ రసంతో మూల మీద పెట్టిన గుర్తు చూసుకునేది. తెల్లబట్టల్ని చౌడు, సోడా కలిపిన నీళ్ళలో నానబెట్టి, చాకలి బాన మీద ఆవిరికి ఉడకేసేది. తర్వాత కాలవ. బండ మీద బాదడం, పారే నీళ్ళలో జాడించడం, పిండడం, గట్టు మీద ఆరేయడం. నానబెట్టు, బాదు, జాడించు, పిండు, ఆరేయి. ఈ ఐదు పనుల్లో భూమి ఆకర్షణ ఎంత పనిచేస్తోందో నాకు 2013 దాకా తట్టలేదు.

ఆ ఏడాది ఏప్రిల్‌లో కెనడా వ్యోమగామి క్రిస్ హాడ్‌ఫీల్డ్ అంతరిక్ష కేంద్రంలో ఒక చిన్న ప్రయోగం చేసి చూపించాడు. తడి గుడ్డను పిండితే ఏమవుతుంది? తన దేశంలో బడిపిల్లలు పంపిన ప్రశ్న అది. గుడ్డను బాగా తడిపి, రెండు చేతులతో మెలితిప్పాడు. నీళ్ళు గుడ్డలోంచి బయటికైతే వచ్చాయి. కిందికి మాత్రం జారలేదు. గుడ్డ చుట్టూ గాజు గొట్టంలా పేరుకున్నాయి. ఇంకా తిప్పితే చేతుల మీదికి పాకి, వేళ్ళ చుట్టూ జిగురులా పట్టుకున్నాయి. చెయ్యి వదిలేస్తే ఆ మెలితిరిగిన గుడ్డ, చుట్టూ నీళ్ళు, అలాగే గాల్లో తేలుతూ ఉండిపోయాయి.

ఆ వీడియో ఫోన్లో నాయనమ్మకు చూపించాను. అప్పటికి ఆమె మంచం దిగడం లేదు. రెండుసార్లు చూసింది. "చెయ్యి బానే తిప్పాడు" అంది. కాసేపాగి, "నీళ్ళు కిందికి జారకపోతే మురికెట్టా పోద్ది అయ్యా? బట్టలోంచి ఊడినా మళ్ళీ బట్టకే అంటుద్ది" అంది.

ఈ మాట డిటర్జెంట్లు తయారుచేసే కెమిస్టును అడిగినా అదే చెప్తాడు. మురికిని బట్ట నుంచి విడదీయడం సగం పని. విడిపోయిన మురికిని మళ్ళీ బట్ట మీద వాలనివ్వకుండా తీసుకుపోవడం మిగతా సగం. భూమి మీద ఆ రెండో సగం పని పారే నీళ్ళే చేసిపెడతాయి, మనం లెక్కలోకి తీసుకోం. అక్కడ నీళ్ళు పారవు, గాలి బుడగలు పైకి రావు, నురగ నీటిని విడిచిపోదు. నీళ్ళూ గాలీ సబ్బూ కలిసి ఒకే ముద్ద అవుతాయి. గిర్రున తిప్పితే నీటిని బయటికి విసరొచ్చు నిజమే, కానీ ఆ నీటిని పట్టుకోవాలి, గాలిని విడదీయాలి, ఒక్క చుక్క కూడా కరెంటు తీగల మీద పడకుండా చూసుకోవాలి. ఐదింటిలో సులువుగా జరిగేది ఆరేయడం ఒక్కటే. చెమట టవల్‌ను ఫ్యాను గాలి తగిలేచోట కట్టేస్తే ఆరిపోతుంది. అందులోంచి పోయిన తడి కూడా వృథా కాదు. గాల్లో చేరిన తేమను యంత్రం పట్టుకుని, శుద్ధిచేసి, తాగే నీళ్ళలో కలుపుతుంది.

అసలు చిక్కు కూడా అక్కడే మొదలవుతుంది. కేంద్రంలో ఒక్కో మనిషికి తాగడానికి, వంటకు, ఒళ్ళు తుడుచుకోవడానికి అన్నీ కలిపి రోజుకు నాలుగు లీటర్లకు కాస్త తక్కువే. మన ఇళ్ళలో ఒక్క లోడు బట్టలకు మెషీన్ యాభై లీటర్ల దాకా మింగుతుంది. సరే, ఆ నీళ్ళను శుద్ధి చేసుకోవచ్చు కదా అంటే, సబ్బు నీళ్ళను శుద్ధి చేయడం చెమటను శుద్ధి చేసినంత తేలిక కాదు. ఒంటికి, తలకు రాసుకునే వస్తువుల్లోని సిలికోన్ పదార్థాలే గాల్లో కలిసి, అక్కడి నీటి శుద్ధి వ్యవస్థకు తలనొప్పి తెచ్చాయి. ఇక సబ్బుపొడిలోని వాసన, నురగ, రంగు, మెరుపు మందు అన్నీ కలిసి ఆ గొట్టాల్లోకి దిగితే ఏమవుతుందో ఊహించుకోండి.

అందుకే నాసా వేసిన లెక్క తప్పని నేను అనను. ఏడాదికి ఒక మనిషికి సుమారు 68 కిలోల బట్టలు. ఏడుగురుంటే 476 కిలోలు. కొన్ని నెలలకోసారి సరుకుల నౌక ఎలాగూ వస్తుంది. మెషీన్ బరువు, దానికి కరెంటు, నీళ్ళు, పాడైతే బాగుచేయడానికి వ్యోమగాముల సమయం, వీటన్నిటికంటే కొత్త బట్టలు పంపడమే చవక. పాత బట్టలు మండిపోయే నౌకలో ఎలాగూ చెత్త వేయాల్సిందే. ఈ లెక్కకు నా దగ్గర జవాబు లేదు, అక్కర్లేదు కూడా. భూమికి 400 కిలోమీటర్ల ఎత్తులో ఉన్నవాళ్ళకు అది సరిపోతుంది.

కానీ లెక్క వేరు, చిన్నచూపు వేరు. బట్టల విషయంలో ఎక్కువగా కనిపించేది రెండోది.

1961 మే 5న అలన్ షెపర్డ్ అమెరికా తరఫున మొదటిసారి పైకి వెళ్ళాడు. ప్రయాణం పదిహేను నిమిషాలే కాబట్టి మూత్రం మాట ఎవరూ ఎత్తలేదు. ప్రయోగం ఆలస్యమై ఆయన నాలుగు గంటలకు పైగా ఆ గూట్లో వెల్లకిలా పడుకుని ఉండాల్సి వచ్చింది. చివరికి ఒంటి మీది సెన్సర్లకు కరెంటు ఆపించుకుని, సూట్లోనే కానిచ్చేశాడు. లోపలి నూలు బట్ట పీల్చుకుంది. అంత పెద్ద యంత్రాన్ని ఆలోచించినవాళ్ళు మనిషికి ఒక గోచీ గుడ్డ ఆలోచించలేదు. ఇప్పుడు బయటికి వెళ్ళే ప్రతి వ్యోమగామీ సూటు కింద పెద్దవాళ్ళ డైపర్ కట్టుకునే వెళ్తాడు.

1971లో సోయుజ్-11 సంగతి తలచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. దొబ్రొవోల్‌స్కీ, వోల్కోవ్, పత్సాయెవ్ మూడు వారాలకు పైగా సల్యూట్-1లో ఉండి తిరిగొస్తున్నారు. ముగ్గురు కూర్చోవాలంటే ప్రెజర్ సూట్లకు, అంటే నౌకలో గాలి పోయినా ఒంటి చుట్టూ గాలిని నిలిపే సూట్లకు, చోటు చాలదని మామూలు బట్టల్లోనే పంపారు. దిగే ముందు నౌక భాగాలు విడిపోతున్నప్పుడు ఒక వాల్వు తెరుచుకుని గాలంతా బయటికి పోయింది. క్యాప్సూల్ చక్కగా నేలకు దిగింది. తలుపు తీసి చూస్తే ముగ్గురూ చనిపోయి ఉన్నారు. ఆ తర్వాతే సోకోల్ అనే ప్రెజర్ సూటు వచ్చింది. ఆ సూట్లకు చోటివ్వడం కోసం సోయుజ్‌లో ముగ్గురి బదులు ఇద్దరినే కొన్నేళ్ళు కూర్చోబెట్టారు. 1984లో మన రాకేశ్ శర్మ వేసుకున్నది ఆ సోకోల్ సూటే. పేపర్లో ఆ ఫొటో చూసి మేమంతా మురిసిపోయాం. దాని వెనక మూడు ప్రాణాలున్నాయని మాకెవరూ చెప్పలేదు.

2019 మార్చి 29న ఇద్దరు ఆడవాళ్ళు మాత్రమే కలిసి స్పేస్ వాక్ చేయాల్సి ఉంది, చరిత్రలో మొదటిసారి. ఆన్ మెక్‌క్లెయిన్, క్రిస్టినా కోచ్. వారం ముందు బయటికి వెళ్ళొచ్చిన మెక్‌క్లెయిన్‌కు తనకు మీడియం సైజే బాగా సరిపోతోందని అర్థమైంది. బరువు లేనిచోట వెన్నెముక సాగుతుంది. తాను పైకొచ్చాక రెండంగుళాలు పొడుగయ్యానని ఆమే చెప్పింది. సిద్ధంగా ఉన్న మీడియం సైజు సూటు పైభాగం మాత్రం ఒక్కటే. రెండోదాన్ని సిద్ధం చేయడానికి గంటల పని పడుతుందని మెక్‌క్లెయిన్ బదులు నిక్ హేగ్‌ను పంపారు. ఆ ఘట్టం అక్టోబరు 18కి గాని జరగలేదు, అప్పుడు కోచ్‌తో జెస్సికా మీర్ వెళ్ళింది. సైజు దొరక్క పని ఆగడమంటే ఏమిటో మన ఆడవాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఆ సూట్లు షటిల్ కాలంలో ఎక్కువగా మగవాళ్ళ ఒళ్ళను దృష్టిలో పెట్టుకుని తయారైనవి.

ఇక సునీతా విలియమ్స్. ఆమె, బుచ్ విల్మోర్ 2024 జూన్ 5న బోయింగ్ కంపెనీ నౌక స్టార్‌లైనర్‌లో ఎనిమిది రోజుల పని మీద బయల్దేరారు. బయల్దేరే ముందు అంతరిక్ష కేంద్రంలో మూత్రం శుద్ధిచేసే యంత్రానికి పంపు పాడైంది. కొత్త పంపు వెంటనే పంపాలి. నౌకలో చోటు కోసం ఏమి దించారో తెలుసా? వాళ్ళిద్దరి బట్టల సంచులు. ఎనిమిది రోజులే కదా, కేంద్రంలో అత్యవసరానికి దాచిన బట్టలున్నాయి కదా అనుకున్నారు. ఆ ఎనిమిది రోజులు చివరికి 286 రోజులయ్యాయి. వాళ్ళ సొంత బట్టలు ఆగస్టు మొదట్లో సిగ్నస్ నౌకలో గాని పైకి చేరలేదు. అంటే రెండు నెలలు ఇతరుల కోసం దాచిన బట్టలతోనే గడిపారు. స్టార్‌లైనర్‌ను ఖాళీగా దించేశాక ఇంకో చిక్కు వచ్చింది. బోయింగ్ నౌక కోసం కుట్టిన సూటు స్పేస్‌ఎక్స్ డ్రాగన్‌లో పనికిరాదు. గొట్టాలు, కనెక్షన్లు వేరు. ఆ నౌకకు తగ్గ సూట్లు ఉంటే తప్ప డ్రాగన్‌లో క్షేమంగా ఇంటికి రాలేరు.

మన టీవీల్లో ఆ తొమ్మిది నెలలూ ఎంత టెన్షన్ చూపించారో గుర్తుంది. ఆ కార్యక్రమాలన్నిటిలో బట్టల సంచుల ముచ్చట ఒక్కచోట విన్నాను, అదీ నవ్వుతూ చెప్పారు. నాకు నవ్వు రాలేదు. పంపు పంపడమే సరైన నిర్ణయం, నేనైనా అదే చేసేవాణ్ణి. కానీ చోటు తక్కువైనప్పుడు ముందు దిగేవి బట్టలే అన్న సంగతిని ఇంతకంటే స్పష్టంగా చూపించే ఉదాహరణ నాకు దొరకలేదు.

కుట్టినవాళ్ళ గురించి కూడా చెప్పాలి. చంద్రుడి మీదికి వెళ్ళిన అపోలో వ్యోమగాముల సూట్లు తయారుచేసే పని ఐఎల్‌సీ అనే కంపెనీకి దక్కింది. ఆడవాళ్ళ లోదుస్తులకు పేరుపడ్డ ప్లేటెక్స్ వాళ్ళ కుటుంబమే అది. డెలావేర్ రాష్ట్రంలోని డోవర్‌లో, బ్రాలు, పసిపిల్లల డైపర్ల మీద వేసే రబ్బరు లాగులు కుట్టే ఆడవాళ్ళలోంచి మంచి చెయ్యి ఉన్నవాళ్ళను ఎంచి ఈ పనిలో పెట్టారు. కుట్టుమెషీన్ల మీదే, ఇరవైకి పైగా పొరలను ఒకదాని మీద ఒకటి పేర్చి కుట్టారు. ఒక్క మిల్లీమీటరు కుట్టు పక్కకు పోయినా ఆ ముక్క తీసేయాల్సిందే. గుండుసూదులు వాడటానికి కూడా ఆంక్షలు. పొరల మధ్య ఒక్క సూది మిగిలిపోయినా గాలి నిలిపే రబ్బరు సంచికి చిల్లు పడుతుంది కాబట్టి, కుట్టిన భాగాలను ఎక్స్‌రే తీసి చూసేవారు. ఎలియనోర్ ఫోరేకర్ లాంటి కుట్టుపనివాళ్ళు ఒక మనిషి ప్రాణం తమ కుట్టు మీద ఉందని తెలిసి రాత్రింబవళ్ళు పనిచేశారు.

నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1994లో నాసా సూట్ల బృందానికి ఒక ఉత్తరం రాశాడు. చరిత్రలో అత్యధికంగా ఫొటోలకెక్కిన అంతరిక్ష నౌకల్లో తన సూటూ ఒకటని అందులో మెచ్చుకున్నాడు. అది అక్షరాలా నిజం. చంద్రుడి మీద నిలబడ్డ మనిషి ఫొటోలో మనకు మొహం కనబడదు. కనబడేదంతా ఆ ఆడవాళ్ళ కుట్టు. తెలంగాణ మూలాలున్న రాజాచారి 2022 మార్చిలో రెండుసార్లు కేంద్రం బయటికి వెళ్ళి పనిచేశాడు. ఆయన ఒంటికి ఆనుకుని ఉన్నది సుమారు 90 మీటర్ల సన్న నీటి గొట్టాలు అల్లిన లోచొక్కా. చల్లటి నీళ్ళు అందులో తిరుగుతూ ఒంటి వేడిని లాగేస్తాయి. అది లేకపోతే ఆరేడు గంటల పని చేయలేరు, సొంత ఒంటి వేడికే సొమ్మసిల్లుతారు. బట్టంటే అక్కడ గాలి, బట్టంటే నీడ, బట్టంటే ఇల్లు.

కుట్టడానికి ఇంత బుద్ధి పెట్టినవాళ్ళు ఉతకడానికి ఎందుకు పెట్టలేదన్నదే నా ప్రశ్న. కొంత ప్రయత్నం జరగలేదని కాదు. జపాన్ వాళ్ళు వాసన పట్టని బట్టల మీద పనిచేశారు. 2009లో కోయిచి వకాటా ఒకే లోదుస్తును దాదాపు నెల రోజులు వేసుకుని, తోటివాళ్ళెవరూ ఫిర్యాదు చేయలేదని చెప్పాడు. నాసా వాళ్ళు మెరీనో ఉన్ని బనీన్లతో వ్యాయామం చేయించి చూశారు. ఉన్నికి వాసన తక్కువ పడుతుంది, నిప్పుకూ తొందరగా లొంగదు. నూలు నుంచి రాలే నూగు అక్కడి గాలి ఫిల్టర్లకు పట్టేస్తుంది, కాబట్టి ఏ బట్ట ఎంత నూగు రాలుస్తుందన్నదీ చూడాల్సిందే. ఇవన్నీ మంచి పనులే. కానీ ఉతకడాన్ని వాయిదా వేసే పనులు.

ఇంకొందరు అల్ట్రావయొలెట్ కాంతి పెడితే చాలు, క్రిములు చస్తాయి, వాసన పోతుంది అంటారు. క్రిములు చస్తాయి, నిజం. చెమట ఉప్పు, ఒంటి నూనె, ఊడిన చర్మం ఎక్కడికి పోతాయి? బట్టలోనే ఉంటాయి. వాసన పోవడం వేరు, మురికి పోవడం వేరు. ఈ తేడా రేవులో పదేళ్ళ పిల్లకు కూడా తెలుసు.

అసలైన అడుగు 2021లో పడింది. టైడ్ తయారుచేసే ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీతో నాసా ఒప్పందం చేసుకుంది. పూర్తిగా విచ్ఛిన్నమైపోయే, ఉతికిన నీళ్ళను మళ్ళీ తాగే నీళ్ళుగా మార్చుకోవడానికి అడ్డురాని డిటర్జెంట్ కావాలన్నది షరతు. ఆ ఏడాది డిసెంబరులో దాన్ని సరుకుల నౌకలో పైకి పంపారు, నెలల తరబడి అక్కడి వాతావరణంలో దాని గుణం మారుతుందా లేదా అని చూడ్డానికి. తర్వాత మరకలు తీసే పెన్నులు, తుడిచే గుడ్డలు పరీక్షించారు. చంద్రుడి మీదా అంగారకుడి మీదా పనికొచ్చే, ఉతికి ఆరబెట్టే మెషీన్ గురించి కూడా ఆలోచిస్తున్నారు. మనిషి అంతరిక్షంలోకి వెళ్ళిన అరవై ఏళ్ళకు! ఆలస్యమైనా సంతోషించాను. ఆ వార్త చదివిన రోజు నా కళ్ళు తడిశాయంటే అతిశయోక్తి కాదు. 1984లో నేను అడిగిన ప్రశ్నను మొదటిసారి ఎవరో గట్టిగా పట్టించుకున్నట్టనిపించింది.

ఎందుకంటే అంగారకుడి లెక్క వేస్తే దాటవేయడానికి వీల్లేదు. నలుగురు మనుషులు, పోనూ రానూ ఉండనూ మూడేళ్ళు. మనిషికి ఏడాదికి 68 కిలోల చొప్పున 816 కిలోల బట్టలు. మధ్యలో సరుకుల నౌక రాదు. విప్పిన బట్టలు పడేయడానికి మండే వాతావరణమూ పక్కన ఉండదు, ఆ కంపు మూటలు లోపలే పెట్టుకుని తిరగాలి. చంద్రుడి మీద ఇంకో బాధ, ధూళి. గాజు పెంకుల్లా పదునుగా ఉండే ఆ ధూళి అపోలో-17 వాళ్ళ సూట్లను గీకేసింది, గ్లౌజుల పైపొరను అరగదీసింది, క్యాబిన్‌లోకి చేరి హారిసన్ ష్మిట్‌కు జలుబు చేసినట్టు ముక్కు దిబ్బడ తెప్పించింది. వాళ్ళు అక్కడ ఉన్నది మూడు రోజులు. నెలల తరబడి ఉండేవాళ్ళు ఆ ధూళిని బట్టల్లోంచి వదిలించుకోవడానికి ఏదో ఒక దారి కావాలి. అక్కడ ఒక మేలు కూడా ఉంది. చంద్రుడి మీద భూమి ఆకర్షణలో ఆరో వంతు, అంగారకుడి మీద మూడో వంతుకు పైగా ఉంటుంది. నీళ్ళు నెమ్మదిగానైనా కిందికి జారతాయి. నాయనమ్మ అడిగిన దానికి సగం జవాబు అక్కడుంది.

మనదేశం 2035 కల్లా భారతీయ అంతరిక్ష కేంద్రం కడతానంటోంది. గగన్‌యాన్ శ్రీహరికోట నుంచే లేస్తుంది, మా జిల్లా నుంచి రైలెక్కితే కొన్ని గంటల దూరం. ఆ కేంద్రం గీతలు ఇప్పుడిప్పుడే కాగితం మీదికి వస్తున్నాయి. నా విన్నపం ఒక్కటే. ఆ గీతల్లో ఉతుకుడుకు చోటు మొదట్లోనే గీయండి. ఆ బృందంలో నీటి ఇంజనీరుతో పాటు బట్టల ఇంజనీరును, డిటర్జెంట్ కెమిస్టును, రోజుకు వందల కిలోల బట్టలు తక్కువ నీళ్ళతో ఉతికే ఆసుపత్రి లాండ్రీ నడిపినవాళ్ళను కూర్చోబెట్టండి. ఉతికిన నీళ్ళు ఏ గొట్టంలోంచి వెళ్ళి ఏ ఫిల్టర్ మీదికి చేరాలన్నది మాడ్యూల్ కట్టకముందు తేలాల్సిన విషయం. కట్టేశాక గోడ తెరిచి కొత్త గొట్టం వేయడం అక్కడ కుదరదు. ఇప్పుడున్న అంతర్జాతీయ కేంద్రంలో మెషీన్ పెడదామని ఎవరైనా అనుకున్నా, ముందు అడ్డం వచ్చేది అదే.